గోళ్లు కొఱుకువారు: యానాము తీరమున ఒక దురభ్యాసపు పూర్వకథ

గోళ్లు కొఱుకువానిని మన ధర్మశాస్త్రకారులు ఊరక విడిచిపెట్టలేదు. మనుస్మృతి నాలుగవ అధ్యాయమున, గురుకులవాసము ముగించి గృహస్థు కాబోవు స్నాతకునకు విధించిన నియమముల నడుమ, మట్టిబెడ్డలను నలిపెడువాడును, గడ్డిపరకలను త్రుంచెడువాడును, గోళ్లను కొఱికెడువాడును, కొండెములు చెప్పెడువాడును, శౌచము లేనివాడును శీఘ్రముగా నాశము నొందుదురని యొక హెచ్చరిక కలదు. కొండెగానిని, అశుచిని దూషించుట మనకు బోధపడును. బెడ్డ నలిపినవాడు చేసిన మహాపరాధ మేమి? చరకసంహితయందలి సద్వృత్తప్రకరణమును తెఱచి చూచినచో అచ్చటను దాదాపు ఈ గుంపే అగపడును: పండ్లు నూఱరాదు, గోళ్లతో చప్పుడు చేయరాదు, నేలమీద గీతలు గీయరాదు, గడ్డి త్రుంపరాదు, బెడ్డ నలుపరాదు. ధర్మశాస్త్రమును వైద్యశాస్త్రమును ఒకే జట్టుగా పట్టుకొన్న ఈ చేష్టలను ఒకచోట చేర్చి చూచినప్పుడు, ఏమియు తోచక కూర్చున్న మానవుని చేతిని ఎవడో మిక్కిలి శ్రద్ధతో కనిపెట్టి, తాను చూచినదానిని విధినిషేధముల భాషలో వ్రాసిపెట్టినాడని నాకు తోచుచుండును.

ఆ వ్రాతకు సజీవోదాహరణము కావలసినవారు యానాము రేవునకు పోయిన చాలియుండెను. 2002లో వారధి యేర్పడువఱకు, కాకినాడవైపునుండి కోనసీమకు పోదలచినవాడు యానాము ఒడ్డున దిగి, గౌతమి కావలనున్న ఎదుర్లంక చేరుటకు పడవ కొఱకో పంటు కొఱకో కాచుకొనవలసివచ్చెడిది. వరద పోటెత్తినను, ఆవలియొడ్డున బండ్లెక్కించుట ఆలస్యమైనను ఆ నిరీక్షణ గంటలకొలది సాగెడిది. గట్టుమీద గొంతుకూర్చున్న యొకడు ఎండిన ఒండ్రుబెడ్డను అఱచేత పొడి చేయుచుండును. వాని ప్రక్కవాడు గడ్డిపరకను గోటితో నిలువున చీల్చుచుండును. మూడవవాని బొటనవ్రేలు పండ్లనడుమ నుండును. మనువు చెప్పిన నాలుగవవానికి రేవులో ఏనాడును కొదవ లేదని వేఱుగ చెప్పనక్కఱలేదు. లంకపొగాకు చుట్ట నంటించుకొన్న పెద్దమనుష్యులు మాత్రము గోళ్ల జోలికి పోకుండిరి. నోటికిని చేతికిని వారు వేఱొక పని కల్పించుకొనిరి, అంతే.

ఈ దురభ్యాసమును పెద్దలు పండ్ల దోషముగా తిట్టిరి గాని, దాని మూలము పెక్కుమాఱులు గోటి యంచుననే యుండును. చీలిన గోరు, బట్టకు తగులుకొను గరుకు కొన, ప్రక్కన లేచిన తోలు, ఇవి వ్రేలిని నోటికి పిలుచును. కావుననే గోళ్లు తీయువాని పని ఈ కథలో ముఖ్యమైనది. ఆ పనిముట్టు మన దేశమున అతిప్రాచీనము. ఛాందోగ్యోపనిషత్తునందు ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువునకు, గోళ్లు తీయు ఇనుపముక్క నొక్కదానిని తెలిసికొన్నచో ఇనుముతో చేసిన సమస్తమును తెలిసినట్లేయని చెప్పి తత్త్వోపదేశము చేసెననగా, ఆ వస్తువు నాటి బాలురకు ఎంత పరిచితమై యుండెనో ఊహింపవచ్చును. చరకుడు పక్షమునకు మూడు పర్యాయములు కేశములను, గోళ్లను తీయించుకొనుమనెను. వాత్స్యాయనుడు గౌడదేశీయుల గోళ్లు దీర్ఘములనియు, దాక్షిణాత్యులవి పొట్టివై పనికి ఓర్చునట్టివనియు వ్రాసెను. కామశాస్త్రమున సైతము దక్షిణాదివారిని పనివారినిగా గుర్తించినందుకు ఆయనకు మనము ఋణపడియుందుము.

గోదావరి మండలపు గ్రామములలో ఈ పని మంగలిది. ఏటి కింత ధాన్యమని పుచ్చుకొని, క్షురకర్మతో పాటు గోళ్లు తీయుటయు, పెండ్లిండ్లకు డోలు సన్నాయి వాయించుటయు ఆ కుటుంబముల వృత్తియై యుండెను. అరుగు అంచున కూర్చుండి, పొదిలోనుండి చిన్న ఉలివంటి పనిముట్టు తీసి, పిల్లవాని వ్రేలిని నీటితో తడిపి, తన ఎడమచేతి బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ ఇఱికించుకొని, "కదలకండి బాబూ" అనుచు ఒక్క ఊపున గోటికొనను లేపివేసెడి ఆ నేర్పు నేటి నెయిల్ కట్టరునకు రాదు. అంచు నున్నబడిన గోటిమీద పంటికి పట్టు దొరకదు గనుక, మంగలి వచ్చి వెళ్లిన రెండు మూడు దినములు పిల్లవాడు బుద్ధిమంతుడుగా కనబడును. కాని ఆచారము ఆ వైద్యమునకు అడ్డు తగిలెను. మంగళవారము గోళ్లు తీయరాదు, శుక్రవారము తీయరాదు, దీపము పెట్టిన పిమ్మట ఏ వారమునను తీయరాదు. సోమవారము సాయంకాలము గోరు చీలిన పిల్లవానికి బుధవారము తెల్లవాఱువఱకు దిక్కు లేదు. ఉలి వారమును బట్టి నిషిద్ధము, పన్ను మనువును బట్టి నిషిద్ధము. అట్టి సంకటమున మనువే ఓడిపోవుచుండెను. పొది విప్పని ఆ మంగళవారమే అప్పుడు ఫ్రెంచివారి యేలుబడిలోనున్న యానాములో సంత. పొరుగున నున్న ఇంగ్లీషు ఏలుబడి గ్రామములనుండి విదేశీ సరకుల కొఱకు జనము ఆ దినముననే ఆ యూరికి వచ్చిపోవుచుండిరి.

మంగలి పొదికి యానాములో మిక్కిలి గిరాకి కలిగిన కాలమొకటి కలదు. శారదా చట్టము 1929లో ఆమోదము పొంది, 1930 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చి, 14 ఏండ్లు నిండని బాలికకును 18 ఏండ్లు నిండని బాలునకును పెండ్లి చేయుట బ్రిటిషు ఇండియాలో నేరమని శాసించెను. యానాము నాడు ఫ్రెంచివారిది గనుక అచ్చట ఆ చట్టము చెల్లకుండెను. భారతీయులకు వారి వారి ఆచారముల ననుసరించియే న్యాయము జరుగునని ఫ్రెంచివారు 1819 జనవరి 6వ తేదీ ఉత్తరువున మాట యిచ్చియుండిరి. కోరినవారు ఆచారధర్మమును వదలుకొని ఫ్రెంచి పౌరస్మృతి క్రిందికి రావచ్చునని 1881లో డిక్రీ యొకటి వెలువడెను గాని, ఆ సంవత్సరముననే ఎగువ రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించుచుండగా, దిగువ తీరమున ఆచారము చెక్కు చెదరక నిలిచెను. ఆ నిలిచిన ఆచారమే యాబదియేండ్ల తరువాత సరిహద్దునకు ఆవలనున్నవారికి ఆశ్రయమయ్యెను. బండ్లు కట్టుకొని, పడవలెక్కి, పసిపిల్లల తల్లిదండ్రులు యానాములో దిగి పెండ్లిండ్లు చేసికొని పోవ మొదలిడగా ఆ యూరికి కల్యాణపురమను పేరు వచ్చెను. ఆ పేరు వినసొంపుగానున్నను, దాని వెనుకనున్న సంగతి అంత యింపైనది కాదు.

తీరాంధ్రమున పెక్కు కులములయందు పెండ్లికి ముందు గోళ్ల సంబరము జరుగును. వధూవరులను పీటలమీద కూర్చుండబెట్టి, నలుగు పెట్టుటకు ముందు మంగలిచేత చేతిగోళ్లను కాలిగోళ్లను తీయించి, వానికి బట్టయు బియ్యమును డబ్బును ముట్టజెప్పుదురు. ఈడు వచ్చినవారికి అది నవ్వుల వేడుక. ఎనిమిదేండ్ల పిల్లకో? ఎఱుగని యూరు, ఎఱుగని మనుష్యులు, తెల్లవాఱక మునుపే లేపి కట్టిన పెద్దచీర, చెవులు చిల్లులుపడు డోలు. భయపడిన పసిబిడ్డ చేయి ఎచ్చటికి పోవునో తల్లులందఱకు తెలియును. దారిపొడవున గోళ్లన్నియు కొఱికివేసికొని వచ్చిన పిల్ల వ్రేళ్లకు ఉలిని ఊరక తాకించి శాస్త్రము కానిచ్చుట తప్ప మంగలి చేయగలిగినదేమున్నది? "పెండ్లికూతురవైతివి, ఇంకను నోట వ్రేలేమే!" అని మందలించుట సులభము. పిల్ల వ్రేళ్లలో దురలవాటును చూచిన పెద్దలు, ఆ వ్రేళ్లు నోటికెందుకు పోయెనో చూడ నిచ్చగింపరైరి. గోళ్లు కొఱుకుటను గూర్చిన మన సాహిత్యమంతయు కొఱుకువానిని దూషించినదే గాని, కొఱికించినదానిని విచారింపలేదు.

ఇంటి వైద్యములలో మొదటిది చేదు. పాలు మాన్పించుటకు తల్లులు వాడు వేపాకు ముద్ద, ముసాంబరము, ఇవే వ్రేలికొనలకును పూసిరి. పిల్లలు గడుసువారు; నీళ్లకుండ దగ్గఱకు పోయి కడిగికొనిరి, లేదా చేదునే మరగిరి. 1958లో స్కాట్లండున డెనటోనియమను మహాతిక్త పదార్థము కనుగొనబడి, గోళ్లకు పూయు రంగులేని ద్రవముగా సీసాలలో అమ్మకమునకు వచ్చినది. ముసాంబరమునకు చెల్లిన ఉపాయము దానికిని చెల్లును, చెల్లని ఉపాయము దానికిని చెల్లదు.

గోరింటాకు దీనికంటె తెలివైనది. ఆషాఢమున గోదావరికి క్రొత్తనీరు వచ్చు దినములలో, సాయంకాలము కోసిన ఆకును చింతపండు చేర్చి రుబ్బురోట మెత్తగా నూఱి, అఱచేత చందమామను దిద్ది, పది వ్రేళ్ల కొనలకును టోపీలు పెట్టినంతనే ఆడపిల్లకు చేతులు లేనట్లే యగును. ముక్కు దురదపెట్టినను గోకుకొన వీలులేదు. అన్నము తల్లియే కలిపి ముద్దలు పెట్టవలెను. వ్రేళ్లు చాచుకొని పండుకొనవలెను. ఒక్క రాత్రి యంతయు చేయి నోటికి పోని స్థితిని పిల్ల తానే కోరి తెచ్చుకొనును, ఏలయన తెల్లవాఱి ఎవరి చేయి బాగుగ పండెనో పోల్చి చూచుకొనవలెను గదా. మగపిల్లవానికి ఈ భాగ్యము లేదు. వానికి కొఱికిన గోటి ప్రక్క చీము పట్టి గోరుచుట్టు లేచినప్పుడు మాత్రము, కొన కోసిన నిమ్మకాయను ఆ వ్రేలికి తొడుగుదురు. వ్రేలికి నిమ్మకాయ తగిలించుకొని బడికి పోవు కుఱ్ఱని అవస్థ గోరుచుట్టుపై రోకటిపోటు వంటిదే గాని, నిమ్మకాయ యున్నన్నాళ్లు ఆ వ్రేలు పంటి కందదు.

యానామును పాలించినవారి స్వదేశమున ఇదే దురలవాటు మఱియొక రూపమున చర్చకు వచ్చెను. 1886లో పారిసునగరమున హిప్నాటిజమునకై ప్రత్యేకముగా ఒక పత్రికను స్థాపించిన వైద్యుడు ఎడ్గార్ బెరియోఁ, గోళ్లు కొఱుకుట వంశక్షీణతకు గుఱుతని నమ్మెను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదను మన సామెతకు ఆయన సిద్ధాంతము శాస్త్రీయవేషము. అయినను చికిత్స మాత్రము మానలేదు: పిల్లవానిని మోహనిద్రలో నుంచి, వాని చేతిని తాను పట్టుకొని, ఇక నీ చేయి నోటివఱకు లేవదని సూచన చేయుచుండెను. గోటితో పోవుదానికి గొడ్డలి యేల యని మనవారు నవ్వియుందురు. ఈ పండితుడే 1915లో, యుద్ధోద్రేకమున, జర్మనులు ఇతరులకంటె ఎక్కువగా మలవిసర్జనము చేయుదురని గ్రంథమొకటి ప్రకటించెననగా, వంశక్షీణతను గూర్చి ఆయన తీర్పులకు ఎంత విలువ నీయవలెనో పాఠకులే గ్రహింతురు. కాని చేతిని నడుమదారిలో ఆపవలెనన్న ఆయన యూహయందు సారము లేకపోలేదు.

అమెరికాలో నైట్ డన్‌లప్ అను మనశ్శాస్త్రవేత్త 1932లో దీనికి పూర్తిగా విరుద్ధమైన మార్గము చూపెను: ఎఱుక లేక కొఱుకువానిని, బుద్ధిపూర్వకముగా, మనసు పెట్టి, నియమిత సమయమున కొఱుకుమని చెప్పవలెను, తెలిసి చేసిన పని తెలియక చేయు పని బలమును హరించునని ఆయన వాదము. 1973లో అజ్రిన్, నన్ అను వారు ప్రకటించిన పద్ధతి నేటికిని నిలిచియున్నది. చేయి లేవబోవు క్షణమును ముందు గుర్తుపట్టుట నేర్చుకొని, వెంటనే పిడికిలి బిగించి మూడు నిమిషములపాటు అట్లే యుంచవలెను; లేదా చేతికి మఱేదైన వస్తువును పట్టింపవలెను. 2015లో మాంట్రియలు పరిశోధకులు ఇట్టి అలవాట్లు గలవారిని పరీక్షించి, విసుగునను అసహనమునను వారి కోరిక ప్రబలమగునని తెలిపిరి. బెడ్డలను, పరకలను, గోళ్లను ఒకే వరుసన చేర్చిన స్మృతికారునకు ఈ వార్త క్రొత్తది కాదు.

మానదలచిన పెద్దవారికి కష్టమంతయు కాలములో నున్నది. చేతిగోరు నెలకు మూడు మిల్లీమీటర్లకు కొంచెము మించి పెరుగును. మొదలంట కొఱికిన గోరు తిరిగి నిండుటకు ఇంచుమించు ఆఱు నెలలు పట్టును. పదిదినములు ఓర్చుకొన్నవాడు తన వ్రేలిని చూచుకొని, మార్పేమియు కానరాక, విసిగి మఱల కొఱుకును. గోరింటాకు పెట్టుకొన్న పిల్లకు ఈ విషయమున నొక సౌకర్యము కలదు. ఆషాఢమున గోరంతయు పండిన యెఱుపు, గోరు పెరిగినకొలది మొదలును విడిచి కొనవైపు జరుగుచు, శ్రావణభాద్రపదములు గడచి ఆశ్వయుజ బహుళ తదియనాటి అట్లతద్దికి దాదాపు అంచునకు చేరును. అట్లతద్ది ముందటి రాత్రి క్రొత్తగా ఆకు పెట్టబోవు తల్లి, పిల్ల వ్రేళ్లను దీపము దగ్గఱకు తీసి చూచినచో, కొఱకక విడిచిన గోళ్లకు కొనను పాతయెఱుపు మిగిలియుండును. కొఱికిన గోళ్లకు ఉండదు.