బావమరిది అడ్డుపడని కాశీయాత్ర

మన పెళ్ళిళ్ళలో కాశీయాత్ర తంతు చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. పెళ్ళికొడుకు గొడుగేసుకుని, పావుకోళ్ళు తొడుక్కుని, నాకీ సంసారం వద్దు, కాశీకి పోతానంటూ బయలుదేరతాడు. పోతాడా? నాలుగడుగులు వేసేసరికి బావమరిది ఎదురొచ్చి, చేతిలో బెల్లం ముక్క పెట్టి, మా చెల్లెల్నిస్తాం వెనక్కి రమ్మంటాడు. పెళ్ళికొడుకు తల్లి ఆ పక్కనే పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఫోటోకి నిలబడుతుంది. ఆవిడకి బెంగేమిటి? కొడుకు పందిరి దాటడని తెలుసు.

నిజంగానే పందిరి దాటిపోయే కొడుకుల్ని నేను 2016లో అమెరికాలో చూశాను.

డాలస్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. అక్కడి జూలై ఎండ మన బెజవాడ ఎండకేమీ తీసిపోదు. మిట్టమధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్ళు సైకిళ్ళ మీద వచ్చి తలుపు తట్టారు. తెల్లచొక్కా, టై, జేబుకి నల్లటి పేరుబిళ్ళ. “అమ్మా, తియ్యకు. మతం గురించి చెప్పడానికొచ్చారు” అంది మా అమ్మాయి. మతం సంగతి తర్వాత, ముందు ఆ మొహాలు కమిలిపోయి ఉన్నాయి. తలుపు తీసి మంచినీళ్ళిచ్చాను. పేరుబిళ్ళ మీద ‘ఎల్డర్’ అని ఉంది. ఎల్డరంటే పెద్ద. మీసమైనా సరిగా రాని పందొమ్మిదేళ్ళవాడికి పెద్దరికం!

నాకొచ్చిన ఇంగ్లీషులో ఒక్కటే అడిగాను. “మీ అమ్మతో మాట్లాడి ఎన్నాళ్ళయింది, నాయనా?”

“మదర్స్ డే నాడు మాట్లాడాను. మళ్ళీ క్రిస్మస్‌కి” అన్నాడు. రెండేళ్ళదాకా ఇంటిమొహం చూడరట. రెండోవాడు గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

నా గుండె కలుక్కుమంది. ఎందుకో చెప్తాను. మావాణ్ణి పదిహేనో ఏట రెసిడెన్షియల్ కాలేజీలో వేశాం. ఆదివారం ఒక్క ఫోను. ఆ ఫోను పక్కన నేను కూర్చున్న కూర్చోవడం నాకే తెలుసు. అంచేత వీళ్ళ తల్లుల కథేమిటో చూద్దామని చదవడం మొదలెట్టాను.

మార్మన్లని లోకం పిలిచే ఈ శాఖ 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టింది. స్థాపకుడు జోసెఫ్ స్మిత్. ఆ ఏడే ఆయన తమ్ముడు శామ్యూల్ పుస్తకాలు మోసుకుని ఊళ్ళ వెంట బయలుదేరాడు. శిక్షణా లేదు, పాడూ లేదు. ఆ రోజుల్లో వెళ్ళినవాళ్ళలో చాలామంది పెళ్ళాం బిడ్డలున్నవాళ్ళే. 1839 సెప్టెంబరులో బ్రిగమ్ యంగ్, హీబర్ కింబల్ అనే ఇద్దరు మిసిసిపీ నది ఒడ్డునుంచి ఇంగ్లండుకి ప్రయాణం కట్టారు. నదిపక్క చిత్తడినేలలు, ఇంటింటా చలిజ్వరాలు. వెళ్ళేవాళ్ళకే ఒంట్లో ఓపిక లేదు. బ్రిగమ్ భార్య మేరీ ఆన్ పదిరోజుల బాలింత. కొంతదూరం పోయాక కింబల్ బండి ఆపించాడట. ఇంట్లోవాళ్ళని దిగులులో వదిలిపోకూడదని ఇద్దరూ లేచి నిలబడి, టోపీలు ఊపుతూ జయజయధ్వానాలు చేశారట. ఆ కేక విని ఆడవాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. చరిత్ర చెప్పేవాళ్ళు బండిలో లేచిన మగవాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకుంటారు. నాకు మాత్రం గుమ్మం పట్టుకు నిలబడ్డ బాలింతే కళ్ళకి కడుతుంది. బ్రిగమ్ తిరిగొచ్చింది 1841లో. అందాకా ఇల్లు నడిపిందెవరో వేరే చెప్పాలా?

ఆడపిల్లల వంతు 1898లో వచ్చింది. యూటా రాష్ట్రంలో ప్రోవో ఊరి అమ్మాయిలు ఐనెజ్ నైట్, జెన్నీ బ్రిమ్‌హాల్ ఇంగ్లండుకి వెళ్ళారు. పెళ్ళికాని ఆడపిల్లల్ని ప్రచారకులుగా నియమించి పంపడం అదే మొదలు. వాళ్ళకీ శిక్షణ లేదు. ఓడ దిగిన కొద్దిరోజులకే వీధిసభల్లో నిలబడి మాట్లాడారు. మనం పేరంటంలో పాట పాడమంటేనే చీర చెంగు నోట్లో కుక్కుకుంటాం!

1925లో సాల్ట్ లేక్ సిటీలో మొదటిసారి ఒక శిక్షణ గృహం తెరిచారు. ఆ కొద్దిరోజుల్లోనే మతబోధతోపాటు ఒంటి శుభ్రత, మర్యాద, వేళకి రావడం నేర్పేవారు. ఇరవయ్యేళ్ళు తల్లి మొత్తుకున్నా చెవికెక్కనివి అక్కడ నాలుగురోజుల్లో ఎక్కేవన్నమాట!

1961లో ఇంకో మలుపు. మెక్సికో, అర్జెంటీనా వెళ్ళాల్సిన పిల్లలకి వీసాలు ఆలస్యమయ్యాయి. ఊరికే కూర్చోబెట్టడమెందుకని ప్రోవోలో, ఆ బ్రిగమ్ యంగ్ పేరుతోనే ఉన్న విశ్వవిద్యాలయంలో, స్పానిష్ నేర్పడం మొదలెట్టారు. అదే పెరిగి పెరిగి 1976కి సొంత భవనాల్లోకి మారింది, 1978లో మిషనరీ శిక్షణ కేంద్రమైంది. ఇంగ్లీషు చాలినవాళ్ళకి కొద్ది వారాలు, కొత్త భాష కావలసినవాళ్ళకి సుమారు రెండు నెలలు. తెల్లారి ఆరున్నరకి లేవాలి, రాత్రి పదిన్నరకి దీపం ఆర్పాలి. ఎప్పుడూ ఇద్దరిద్దరుగానే తిరగాలి, ఒంటరిగా ఉండకూడదు. నేర్చుకునే భాషలోనే మాట్లాడాలి. అంటే రొట్టె అడగాలన్నా మాట వెతుక్కోవాలి. ఇంటిమీద బెంగొస్తే? అది చెప్పుకోవడానికి మాటలు రావడానికి ఎన్ని వారాలు పడుతుందో! వారానికొకరోజు కాస్త తీరిక. బట్టలుతుక్కోవడం, అమ్మకి ఉత్తరం రాయడం, రెండూ ఆరోజే.

నన్ను కదిలించింది వీడ్కోలు పద్ధతి. చాలా ఏళ్ళు తల్లిదండ్రులు కేంద్రం లోపలిదాకా వెళ్ళేవారు. అందరూ ఒక గదిలో కాసేపు కూర్చునేవారు. తర్వాత పిల్లలు ఒక తలుపులోంచి, పెద్దలు ఇంకో తలుపులోంచి బయటికి నడవాలి. ఒక గదికి రెండు తలుపులు! ఆ రెండో తలుపు దాటిన తల్లులకి శిక్షణ ఎక్కడిస్తారు?

పైగా ఖర్చు. 1990దాకా ఎవరి పిల్లల ఖర్చు వాళ్ళ ఇంటివాళ్ళదే. ఖరీదైన దేశంలో పడితే ఆ ఇంటి గతి అంతే. 1991 నుంచి అమెరికా కుటుంబాలకు నెలకింతని ఒకే మొత్తం పెట్టారు.

మన హైదరాబాదుకీ ఈ కథలో ఒక ముక్క ఉంది. సమోవాలో ఈ మతం పుచ్చుకున్న ఒక హైదరాబాదు దంపతులు 1978లో ప్రచారకులుగా సొంత ఊరికే వచ్చారు. వాళ్ళ బంధువుల్లోనే ఇరవైమందికి పైగా ఆ మతంలో చేరారు. అందరూ ఇల్లు వదిలి పోతుంటే వీళ్ళు ఇంటికే రావడం విచిత్రం కదూ!

నియమాలూ మెత్తబడ్డాయి. 2019 ఫిబ్రవరిలో వారంవారం ఇంటికి ఫోను చేసుకోనిచ్చారు. 2020లో కరోనా వచ్చి కేంద్రం ఖాళీ అయితే, పిల్లలు ఇంట్లోనే కంప్యూటరు ముందు శిక్షణ పొందారు. తల్లి వంటింట్లో, కొడుకు పక్కగదిలో, మధ్యన వేసిన తలుపు. రెండు తలుపుల బదులు ఒకటి, అంతే తేడా.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. మనసారా వెళ్ళి, మనిషై తిరిగొచ్చినవాళ్ళు బోలెడుమంది. ఊళ్ళోవాళ్ళేమనుకుంటారో అని వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. జబ్బుచేసో, మనసు విరిగో మధ్యలో తిరిగొచ్చిన పిల్లలు నలుగురిలో తలెత్తుకోలేక నలిగిపోవడమూ ఉంది. అది చదివినప్పుడు పుస్తకం మూసేశాను.

మావాడు కాలేజీలో చేరిన మూడో నెలలో, ఒక ఆదివారం, “అమ్మా, వచ్చేస్తానే” అన్నాడు. “ఇంకెంత, ఓర్చుకో నాన్నా. నలుగురూ నవ్వుతారు” అన్నాను. వాడు ఇంకెప్పుడూ అడగలేదు. బాగా చదివాడు, ఉద్యోగస్థుడయ్యాడు. నేను సరిగ్గానే చెప్పానని ఇరవయ్యేళ్ళు అనుకున్నాను.

మొన్న ఫోనులో వాడికీ కథంతా చెప్పి అడిగాను. “ఆవేళ రమ్మని ఉంటే వచ్చేసేవాడివేరా?”

కాసేపు మాట్లాడలేదు. “వచ్చేవాణ్ణి కాదేమో అమ్మా. రావొచ్చని తెలిస్తే చాలు, ఉండిపోయేవాణ్ణి” అన్నాడు.

కాశీయాత్రలో బావమరిది చేతి బెల్లం ముక్క ఎందుకో నాకు అప్పుడు తెలిసింది.