అంతర్జాతీయ పాఠంలో దాగిన జాతి

కొల్లేటికోట నుంచి కాలేజీకి వచ్చిన విద్యార్థికి అంతర్జాతీయ సంబంధాలంటే ఎక్కడో యూరపులో జరిగిన వ్యవహారంగా తోచవచ్చు. కాని ఆ సంబంధాలు అతని గడప ముందే నడిచాయి. 1766లో నిజాముకూ ఈస్టిండియా కంపెనీకీ కుదిరిన ఒడంబడికతో ఏలూరు సర్కారు, తక్కిన ఉత్తర సర్కారులతో పాటు, కంపెనీ పరమైంది. అందుకు కంపెనీ ఏటా పైకం చెల్లించటానికి ఒప్పుకున్నది. నిజాము సంతకానికి ఆనాడు విలువ ఉన్నదన్న మాట.

నూరేళ్లు దాటాయి. 1883లో ఎడింబరో విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్రాచార్యుడు జేమ్స్ లోరిమర్ మానవులను నాగరికులు, అనాగరికులు, ఆటవికులు అని మూడు తరగతులుగా విడదీశాడు. పూర్తి రాజకీయ గుర్తింపు మొదటి తరగతికే దక్కుతుందన్నాడు. ముందు భూమి పోయింది. ఆ దోపిడీకి తగిన శాస్త్రం తరువాత తయారైంది.

అమెరికాలో ఈ బోధనకు తొలి పత్రికల్లో ఒకటి 1910లో క్లార్క్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడింది. దాని పేరు 'జర్నల్ ఆఫ్ రేస్ డెవలప్‌మెంట్'. 1919లో అదే 'జర్నల్ ఆఫ్ ఇంటర్నేషనల్ రిలేషన్స్' అయింది. 1922లో 'ఫారిన్ అఫైర్స్'లో కలిసింది. మన 'జాతి' అనే మాట రేసునూ నేషన్‌నూ కూడా చెబుతుంది. ఆ పత్రిక మాత్రం మొదటి అర్థాన్ని అట్ట మీద నుంచి చెరిపివేసింది.

ఆ 1919లోనే వేల్సులోని అబెరిస్ట్‌విత్‌లో అంతర్జాతీయ రాజకీయాలకు తొలి ఆచార్య పీఠం వెలిసింది. తరువాత దానికి ఉడ్రో విల్సన్ పేరు పెట్టారు. నానాజాతి సమితి నిబంధనావళిలో జాతుల సమానత్వాన్ని చేర్చాలని ఆ ఏడు ఏప్రిల్ 11న జపాను కోరగా, 17 మందిలో 11 మంది అనుకూలంగా ఓటు వేశారు. ఏకగ్రీవం కానందున చెల్లదని తోసిపుచ్చిన అధ్యక్షుడు ఆ విల్సనే! మన తరగతుల్లో ఆయన 14 సూత్రాలు వల్లె వేయించినంతగా ఈ ఓటు సంగతి చెప్పరు.

ఎదురుమాట లేకపోలేదు. ఆఫ్రికా కోసం సాగిన పోటీలోనే మహాయుద్ధపు మూలాలున్నాయని డుబోయిస్ 1915లో రాశాడు. హోవార్డ్ విశ్వవిద్యాలయంలో ఎలేన్ లాక్, రాల్ఫ్ బంచ్, మెర్జ్ టేట్ వంటి నల్లజాతి ఆచార్యులు జాతినీ సామ్రాజ్యాన్నీ కలిపి బోధించారు. పాఠ్యగ్రంథాలు వారిని చాలాకాలం పక్కకు నెట్టాయి.

అయితే దొరలను నిందించి ఊరుకుంటే సరిపోదు. 1930 మేలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. వారిని కోరంగీలనేవారు. యజమానులు వారి స్థానంలో బర్మా కూలీలను దించారు. సమ్మె పరిష్కారమై తెలుగువారు తిరిగి రాగానే బర్మావారి పని పోయింది. అల్లర్లలో వంద మందికి పైగా చనిపోయారు. కూలి తగాదా జాతి తగాదాగా మారింది; కూలీ చేత కూలీని కొట్టించిన ఏర్పాటు అలాగే నిలిచింది.

కనుక విల్సన్ పక్కన రంగూను రేవునూ, లోరిమర్ పక్కన 1766 ఒడంబడికనూ ఉంచి చదవాలి. జాతి పేరు ఎత్తని అంతర్జాతీయ పాఠం సగం పాఠమే. తక్కిన సగాన్ని అడిగే హక్కు విద్యార్థిది. చెప్పే బాధ్యత మనది.