గ్రంథాలయంలో దొరికిన దేవతలు

క్రీ.శ. 361 డిసెంబరులో అలెగ్జాండ్రియా నగరంలో ఒక మూక అక్కడి బిషప్ జార్జిని చంపివేసింది. రోమన్ చక్రవర్తి జూలియన్ నగరవాసులను మందలిస్తూ ఒక లేఖ రాసి ఊరకున్నాడు. ఈజిప్టు పాలనాధికారికి రాసిన మరొక లేఖలో మాత్రం ఆయన ఆతురత వ్యక్తమవుతుంది. జార్జి గ్రంథాలయంలోని పుస్తకాలను ఒక్కటీ పోకుండా వెదకించి తనకు పంపాలన్నది అందులోని ఆజ్ఞ. ఆ పుస్తకాలను ఆయన ఎరుగును. బాల్యంలో కపడోకియాలో ఉన్నప్పుడు జార్జి వద్ద వాటిలో కొన్నింటిని ఎరువు తీసుకొని ప్రతులు రాయించుకొన్నాడు. క్రైస్తవ గ్రంథాలు నశించినా ఆయనకు విచారం లేదు. అయితే వాటితోపాటు మంచివి పోతాయేమోనన్న శంకతో అన్నింటినీ భద్రపరచమన్నాడు.

చర్చి చరిత్రకారులు జూలియన్‌ను ‘మతభ్రష్టుడు’ అన్నారు. ప్రాచీన దేవతలను ఆయన చేరుకొన్నది వంశాచారం వల్ల కాదు, అధ్యయనం వల్ల. ‘పాగన్’ అనే మాటకు లాటిన్‌లో పల్లెవాసి అని ఒక అర్థం. అది క్రైస్తవులు ఇతరులకు పెట్టిన పేరు. జూలియన్ తన మార్గాన్ని ‘హెలెనిజం’ అన్నాడు. గ్రీకు విద్య, గ్రీకు దేవతలు ఆయన దృష్టిలో వేరు కావు.

337లో పెదతండ్రి కాన్‌స్టంటైన్ మరణించిన కొద్దికాలానికే సైనికులు రాజబంధువులను వధించారు. జూలియన్ తండ్రి కూడా హతుడయ్యాడు. అనాథ బాలునికి మార్డోనియస్ అనే వృద్ధ గురువు హోమర్‌ను బోధించాడు. మరొకవైపు ఆ బాలుడే చర్చిలో పవిత్ర గ్రంథ పాఠకుడుగా కూడా ఉన్నాడు. నికొమీడియాలో లిబానియస్ ఉపన్యాసాలకు వెళ్ళరాదని ఆంక్ష విధిస్తే, డబ్బిచ్చి ఆ ఉపన్యాస పాఠాలను తెప్పించుకొని చదివాడు. పెర్గమంలో తత్త్వవేత్తలను ఆశ్రయించి, అక్కడినుండి ఎఫిసస్‌లోని మాక్సిమస్ వద్దకు చేరాడు. ఇరవయ్యవ ఏట, అంటే 351 ప్రాంతంలో, తాను మార్గం మార్చుకొన్నట్లు ఆయనే తరువాత రాసుకొన్నాడు. పదేళ్ళపాటు ఆ విషయం రహస్యంగానే ఉండిపోయింది. తనవారిని చంపిన ఆస్థానపు మతంపై విముఖత ఎంత, హోమర్‌పై మక్కువ ఎంత అని విడదీసి చూపడం ఎవరి తరమూ కాదు.

సూర్యదేవునిపై రాసిన గద్యస్తోత్రంలో ఆయన ఆంతర్యం కొంత తెలుస్తుంది. చిన్ననాటినుండి సూర్యకిరణాలపై తనకు చెప్పలేని ఆకర్షణ ఉండేదనీ, నిర్మలమైన రాత్రులలో నక్షత్రాలను చూస్తూ పరిసరాలను మరచిపోయేవాడిననీ అందులో చెప్పుకొన్నాడు. గ్రంథాలు ఆ అనుభూతికి పేరునూ శాస్త్రాన్నీ సమకూర్చాయి. ఆదిత్యోపాసన ఎరిగిన మనకు ఈ మాటలు పరాయివిగా తోచవు. భారతదేశపు ప్రభువులు, సింహళందాకా గల జాతులు ఆయన వద్దకు కానుకలతో రాయబారులను పంపారని సమకాలిక చరిత్రకారుడు అమ్మియానస్ పేర్కొన్నాడు.

ఆయన పాలన ఇరవై మాసాలే సాగింది. 363 జూన్‌లో పారసీక యుద్ధంలో గాయపడి మరణించాడు. ఆ స్వల్పకాలంలో చేసిన ఒక శాసనం ఆయన పక్షం వారికే నొప్పి కలిగించింది. దేవతలను నమ్మనివారు హోమర్, హీసియడ్‌లను బోధించరాదని 362లో ఆయన నిర్ణయించాడు. చదువు ద్వారా తన మార్గాన్ని తాను ఎన్నుకొన్నవాడు బోధకుల నోరు కట్టడం విచారకరం. జూలియన్‌ను అభిమానించిన అమ్మియానస్ సైతం దానిని కఠినమైన చర్యగా గర్హించాడు.

అదే ఏడాది ఆంటియోక్ సమీపంలోని డాఫ్నే ఆలయంలో అపోలో వార్షికోత్సవానికి ఆయన త్వరపడి వెళ్ళాడు. బలిపశువులు, ధూపం, దేవునికై తెల్లని వస్త్రాలు ధరించిన యువకులు కనులకు కట్టినట్లు ఊహించుకొంటూ వెళ్ళానని తానే రాశాడు. ఆ ఊరేగింపు ఆయన చదివిన పుస్తకాలలోనిది. ఆలయంలో ధూపమూ లేదు, నైవేద్యమూ లేదు. నగరం ఏమి సమర్పించనున్నదని పూజారిని అడిగాడు. నగరం ఈసారి ఏదీ సిద్ధం చేయలేదనీ, తన ఇంటినుండి ఒక పెద్దబాతును మాత్రం తెచ్చాననీ ఆ పూజారి విన్నవించాడు.