బొండాం మూతి నుంచి ఇంజెక్షన్ సీసా దాకా: ఒక తలుపు చరిత్ర

ఇవాళ్టి కథ మన అమలాపురంలో బొండాల బండి దగ్గర మొదలుపెడదాం.

"బాబాయ్, ఓ లేత బొండాం కొట్టండి" అంటాం. ఆయన కత్తితో నాలుగు దెబ్బలు వేసి, మూతి తీసి, స్ట్రా పెట్టి చేతికిస్తారు. కాయ దెబ్బతినకుండా ఉన్నంతసేపు లోపలి నీళ్లలో మామూలుగా సూక్ష్మజీవులు ఉండవు. సాలమన్ దీవుల్లో సెలైన్ అందుబాటులో లేక, ఒక రోగికి కొబ్బరినీళ్లే నరంలోకి ఎక్కించారని 2000లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. మీరు మాత్రం ప్రయత్నించకండి! అవే నీళ్లు, కాయ కొట్టి సాయంత్రం దాకా ఎండలో వదిలేస్తే? పులిసిపోతాయి. నీళ్ల తప్పేం లేదు. మూతి తెరిచినప్పుడు కత్తి తగిలింది, స్ట్రా తగిలింది, గాలి తగిలింది.

ఇంజెక్షన్లు తయారుచేసే ఫ్యాక్టరీలకు కూడా అసలు తలనొప్పి ఇక్కడే. సీసాని శుభ్రం చేయడం తెలుసు. రబ్బరు మూతల్ని ఆవిరితో శుద్ధి చేయడం తెలుసు. ఆ పనికి వాడే ఆటోక్లేవ్, అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రం, 1879లోనే వచ్చింది. శుద్ధి చేసిన వస్తువుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి, ఏదీ అంటకుండా మార్చడమే కష్టం. ఆ ఒక్క క్షణం ఎంత ఖరీదైనదో 1902లో మన దేశమే చూసింది.

అప్పుడు ప్లేగు రోజులు. వాల్డెమార్ హాఫ్కిన్ అనే శాస్త్రవేత్త బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేశాడు. 1897 జనవరిలో దాన్ని ముందు తన ఒంటి మీదే పరీక్షించుకున్నాడు. ఆ టీకా సీసాలు దేశమంతా వెళ్లేవి. 1902 అక్టోబర్ 30న పంజాబ్‌లోని ముల్కోవాల్ అనే ఊళ్లో 107 మందికి టీకా వేశారు. వాళ్లలో 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. ఆ 19 మందికీ మందు ఒకే సీసా నుంచి వెళ్లింది. దాని నంబరు 53ఎన్. మిగతా సీసాల నుంచి టీకా వేయించుకున్నవాళ్లకి ఏమీ కాలేదు.

తప్పెవరిది? విచారణ సంఘం బొంబాయి ల్యాబ్ వైపు వేలు చూపించింది. హాఫ్కిన్ పదవి పోయింది. కానీ విచారణ కాగితాల్లోనే ఒక చిన్న సాక్ష్యం ఉంది. ఆ సీసా బిరడా తీయడానికి వాడిన పట్టకారు నేల మీద పడింది. దాన్ని సరిగ్గా శుద్ధి చేయకుండానే మళ్లీ వాడారు. ధనుర్వాతం క్రిములు ఉండేది మట్టిలోనే కదా! మలేరియా దోమ గుట్టు విప్పిన రొనాల్డ్ రాస్, ఇంకొందరు శాస్త్రవేత్తలు కలిసి 1907లో లండన్ టైమ్స్ పత్రికకి ఉత్తరం రాశారు. ఆ ఏడాదే హాఫ్కిన్ మీద మచ్చ తొలగింది. కలకత్తాలో ఉద్యోగం ఇచ్చారు గానీ, ఆయన నిలబెట్టిన బొంబాయి ల్యాబ్ మాత్రం తిరిగి చేతికి రాలేదు. 1925లో ఆ ల్యాబ్‌కి ఆయన పేరే పెట్టారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. పట్టకారు జారవిడిచిన మనిషిని తిట్టడం తేలిక. కానీ ఎవరి చేతిలోంచైనా ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి జారుతుంది. "జాగ్రత్త బాబూ" అని వందసార్లు చెప్పినా జారుతుంది. మరి చెయ్యి జారినా మందు పాడవకుండా ఉండే పరికరం చేయలేమా?

దీనికి జవాబు మందుల వాళ్ల దగ్గర పుట్టలేదు. అణు పరిశ్రమలో పుట్టింది. వాళ్ల భయం దీనికి రివర్స్: రేడియోధార్మిక పదార్థం డబ్బాలోంచి బయటికి రాకూడదు. అందుకే గాజు కిటికీ, రబ్బరు గ్లవుజులు ఉన్న మూసిన పెట్టెల్లో పనిచేసేవాళ్లు. ఆ పెట్టెలోకి వస్తువులు పంపడానికి ఫ్రాన్స్‌లో లా కాలెన్ అనే సంస్థ రెండు తలుపుల పద్ధతి తెచ్చింది. ఫ్రెంచ్‌లో దాని పొట్టి పేరు డీపీటీఈ.

ఎలా పనిచేస్తుందో చూడండి. పెట్టె గోడకి ఒక గుండ్రటి తలుపు, దాని పేరు ఆల్ఫా. రబ్బరు మూతలున్న డబ్బాకో సంచికో ఇంకో తలుపు, దాని పేరు బీటా. రెండు తలుపుల బయటి ముఖాలూ మురికివే, ఎందుకంటే అవి గదిలో గాలికి తగిలినవి. డబ్బాని గోడకి ఆనించి తిప్పితే ఆ రెండు మురికి ముఖాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇప్పుడు రెండు తలుపులూ ఒకే తలుపు. లోపలి నుంచి తెరిస్తే మురికి ఆ రెంటి మధ్యే బందీ అయిపోతుంది. శుభ్రమైన పెట్టె, శుభ్రమైన డబ్బా కలిసి ఒకే గది అవుతాయి.

అసలు అందం ఇంకోటుంది. డబ్బా సరిగ్గా కూర్చోకపోతే తలుపు తెరుచుకోదు. తొందరపడినా, నిద్రమత్తులో ఉన్నా సరే, తాళం ఒప్పుకోదు. అలాగని ఇది మంత్రం కాదు. రెండు తలుపులు కలిసే అంచు దగ్గర రబ్బరు సీలు సన్నటి వలయంలా ఉంటుంది. మురికి మిగిలితే అక్కడే మిగులుతుంది. అందుకే మూతలు జారేటప్పుడు ఆ అంచుకి తగలకుండా మధ్యలో గరాటు లాంటి తొడుగు పెడతారు. సీలుని ఎప్పటికప్పుడు పరీక్షిస్తారు.

ఇదంతా మనకెందుకంటారా? 1978లో మొదలైన గ్లాండ్ ఫార్మా, 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్, రెండూ హైదరాబాద్‌వే. ఇటు విశాఖ దగ్గర పరవాడలో ఫార్మా సిటీయే ఉంది. రాజోలు, కొత్తపేట నుంచి బి.ఫార్మసీ చేసి ఆ దారి పట్టేవాళ్లు మీ ఫ్రెండ్స్‌లోనే ఉంటారు. ఇంజెక్షన్ నింపే చోట ఘనమీటరు గాలిలో అర మైక్రాన్, అంతకన్నా పెద్ద రేణువులు 3,520కి మించకూడదు. కదులుతున్న మనిషి ఒంటి నుంచి రాలే రేణువులు లక్షల్లో ఉంటాయి. అందుకే యూరప్‌లో 2023 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు కూడా మనిషినీ మందునీ వీలైనంత దూరంగా ఉంచమంటున్నాయి.

రేపు ఆ ఉద్యోగంలో చేరి ఆ గుండ్రటి తలుపు తిప్పేటప్పుడు, అది "క్లిక్" మనకపోతే బలవంతం చేయకండి. టార్గెట్ అని పైవాళ్లు తొందరపెట్టినా సరే, సీలు చూసి మళ్లీ మొదలుపెట్టండి. ముల్కోవాల్‌లో ఆ సీసాకి అలాంటి తలుపు లేదు.

ఉంటానండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అన్నట్టు, బొండాం కొట్టించుకుంటే అక్కడే తాగేయండి!