మిడ్‌సైజ్ ఎస్‌యూవీల ప్రమాద రక్షణ: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి రహదారుల నేపథ్యం

క్రెటా, సెల్టోస్, కుషాక్, టైగన్, ఎలివేట్ వంటి మిడ్‌సైజ్ ఎస్‌యూవీల భద్రతను కొనేవారు సాధారణంగా ఎయిర్‌బ్యాగుల లెక్కతో తూస్తారు. ఆ లెక్కకన్నా ముందు చూడవలసింది గుద్దుకున్నప్పుడు మనుషులు కూర్చునే గది ఆకారం చెడకుండా నిలుస్తుందా అన్నది. 2022లో కార్లను గుద్దించి భద్రతను తూచే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షించిన క్రెటాకు, కుషాక్‌కు రెండింటికీ అన్ని మోడళ్లలో వచ్చే ముందు ఎయిర్‌బ్యాగులు రెండే. రెండింటినీ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుగోడకు ఢీకొట్టించారు. క్రెటా బాడీ అస్థిరమని తేలి, పెద్దల రక్షణలో 17కు 8 పాయింట్లు, మూడు నక్షత్రాలు వచ్చాయి. బాడీ స్థిరంగా నిలిచిన కుషాక్‌కు 34కు 29.64తో అయిదు నక్షత్రాలు దక్కాయి. ఈ రెండు మార్కులనూ పక్కపక్కన పెట్టి పోల్చడం మాత్రం తప్పు. ఆ ఏడాదే నిబంధనలు మారి, కుషాక్‌ను పక్కనుంచి కూడా గుద్ది చూశారు. 2024 క్రెటాకు ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని మోడళ్లలోనూ ఇస్తున్నారు కాబట్టి పాత ఫలితాన్ని దానికి అంటగట్టకూడదు.

నక్షత్రం ఎవరికన్నదీ అడగాలి. స్కార్పియో-ఎన్‌కు పెద్దల రక్షణలో అయిదు నక్షత్రాలు రాగా, పిల్లల రక్షణలో మూడే వచ్చాయి. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న భారత్ ఎన్‌క్యాప్ పెద్దలకు 32, పిల్లలకు 49 పాయింట్ల కొలమానంతో తూస్తుంది. అందులో మొదట అయిదు నక్షత్రాలు పొందిన హారియర్‌కు 30.08, 44.54 వచ్చాయి. అయితే పరీక్ష స్వచ్ఛందం. కంపెనీ పంపని బండికి నక్షత్రమే ఉండదు.

బరువైన బండి దానంతటదే క్షేమమన్న వాదనలో కొంత నిజముంది, ఎదుటిది చిన్న కారైతే. భూపాలపల్లి వైపు ఎదురయ్యేవి బొగ్గు టిప్పర్లు, గోదావరి ఇసుక లారీలు; వాటి ముందు ఏ ఎస్‌యూవీ అయినా తేలికే. జనగామ మీదుగా వరంగల్ వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారిలాంటి చోట ఆగివున్న లారీని వెనుక నుంచి గుద్దితే చిక్కు మరింత పెద్దది. బానెట్ లారీ కిందికి దూరిపోతే దెబ్బ నేరుగా అద్దం పక్క స్తంభాల మీద పడుతుంది; ఆ దెబ్బను ఎన్‌క్యాప్ కొలవదు. అక్కడ దానంతటదే బ్రేకు వేసే వ్యవస్థ పనికొస్తుంది. గీతల్లేని మహబూబాబాద్ ఊరి రోడ్ల మీద లేన్ హెచ్చరికకు అంత పని ఉండదు. ముందు బిగించే బుల్‌గార్డ్ రక్షణ అనుకోవడం పొరపాటే. అది బంపరు నలిగే తీరును చెడగొట్టి, ఎయిర్‌బ్యాగు తెరుచుకునే సమయాన్ని తప్పించగలదు. కేంద్రం 2017లోనే వాటిని అడ్డుకోమని రాష్ట్రాలకు చెప్పింది.

పరీక్షలో మనుషులకు బదులు కూర్చోబెట్టే బొమ్మలన్నీ బెల్టు పెట్టుకునే ఉంటాయి. ఏడుగురి బండిలో పదిమంది ఎక్కిన పెళ్లి ప్రయాణంలో వెనుక సీటు వాళ్లకు ఆ నక్షత్రాలు వర్తించవు.