చిల్లగింజ, తేటనీరు: అధిశోషణ చరిత్రలో ఒక అనుభవజ్ఞానం

స్వర్ణముఖి తీరాన ఉన్న నాయుడుపేట వంటి ఊళ్లకు వానాకాలపు ఏటినీరు బురదతో కలిసి వస్తుంది. ఇసుక త్వరగా అడుగుకు చేరుతుంది. సన్నని బంకమట్టి రేణువులు మాత్రం రుణావేశం వల్ల పరస్పరం వికర్షించుకుంటూ నీటిలో తేలియాడుతూనే ఉంటాయి. అటువంటి నీటిని తేర్చడానికి కోరమాండల్ తీరంలో వాడుకలో ఉన్న సాధనం చిల్లగింజ. దీనికే ఇందుప అనీ, సంస్కృతంలో కతకమనీ పేర్లు.

సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్, 1795లో ప్రచురణ మొదలైన తన కోరమాండల్ తీర వృక్షాల గ్రంథంలో ఈ చెట్టును వర్ణించాడు. మట్టికుండ లోపలి అంచుకు గింజను కొద్దిసేపు అరగదీసి, నీరు పోసి, కదపకుండా ఉంచడం ఆయన నమోదు చేసిన పద్ధతి.

ఈ గింజలోని గెలాక్టోమన్నన్, గెలాక్టన్ అనే పాలిశాకరైడ్లు పొడవైన గొలుసుల వంటి అణువులు. ఘనతలంపై అధిశోషణం చెందే గొలుసు పొట్టిదైతే దాదాపు చదునుగా అంటుకుంటుంది, తేలికగా విడివడుతుంది. పొడవైనదైతే అనేక బిందువుల వద్ద అతుక్కొని, మిగిలిన భాగాన్ని ఉచ్చులుగా, తోకలుగా నీటిలోకి చాపుతుంది. ఆ తోక మరో రేణువును అందుకుంటే రెంటి మధ్య వంతెన ఏర్పడుతుంది. రేణువులు గుంపులై అడుగుకు దిగుతాయి. అయితే మోతాదు మితిమీరితే రేణుతలమంతా గొలుసులతో నిండిపోతుంది. వంతెనకు చోటు మిగలదు, నీరు మళ్లీ కలకబారుతుంది. కుండకు కాస్త అరగదీస్తే చాలుననే ఆచారం ఈ నియమానికి అనుగుణంగానే ఉంది.

శంకరాచార్యులకు ఆపాదితమైన ఆత్మబోధలో, నీటిని శుద్ధిచేసి తానూ లయించే కతకరేణువు జ్ఞానానికి ఉపమానమైంది. శోధకద్రవ్యం బురదతోపాటే అడుగంటుతుందన్న పరిశీలన అందులో ఉంది. కానీ దానిని అధిశోషణ సిద్ధాంతంగా చదవడం కాలవ్యతిక్రమ దోషం. పొడవైన అణుగొలుసు అనే భావనను స్టాడింగర్ ప్రతిపాదించినది 1920లో. పాలిమర్ గొలుసులు బంకమట్టి రేణువుల మధ్య వంతెనలవుతాయని రూర్‌వైన్, వార్డ్ వివరించినది 1952లో.

కాబట్టి ఇక్కడ రెండు జ్ఞానాలను వేరుచేసి చూడాలి. ఎంత గింజ, ఏ తీరున, ఎంతసేపు అన్నది కుండ దగ్గర కూర్చున్నవారి జ్ఞానం. ఎందుకు అన్నది ప్రయోగశాల ఇచ్చిన సమాధానం. రెండవదానిని మొదటిదానికి అంటగట్టి పూర్వీకులకు అన్నీ తెలుసనడం ఎంత తప్పో, కారణం తెలియదు గనుక అది జ్ఞానమే కాదనడమూ అంతే తప్పు. కతకం పేరు ఉచ్చరించినంత మాత్రాన నీరు తేటపడదని మనుస్మృతి హెచ్చరించింది. దేశీయ విజ్ఞాన చరిత్రకారులకూ ఆ హెచ్చరిక వర్తిస్తుంది.