జిన్, షారి: జూనిపర్ బోన్సాయ్‌లో ఎండుకట్టె

బెరడు పోయి తెల్లగా తేలిన కొమ్మను జపాను బోన్సాయ్ కళాకారులు ‘జిన్’ అంటారు. మాను మీద అలా తేలిన భాగం ‘షారి’. ఈ రెండింటికీ పేరుపడ్డ చెట్టు షింపాకు అనే జూనిపర్. దాని చేవలో తైలం ఉంటుంది కాబట్టి బెరడు పోయినా కట్టె త్వరగా కుళ్లదు. పైగా ఒక్కో వేరు చాలావరకు తన వరసలోని కొమ్మలకే నీరందిస్తుంది. అందుకే మాను చాలావరకు ఎండిపోయినా, బతికున్న బెరడు సన్నని పాయగా (‘ప్రాణపాయ’) ఒక్కటి మిగిలితే చెట్టు బతుకుతుంది.

కుండీల్లో చెట్లు పెంచే విద్య చైనా నుంచి జపాను చేరి శతాబ్దాలైంది. ఎండుకట్టెకు ఇంత ప్రాముఖ్యం వచ్చింది మాత్రం 20వ శతాబ్దిలో, కొండ షింపాకులు ఊళ్లలోకి దిగాకే. షికోకు దీవిలోని ఇషిజుచి పర్వతం, నీగాటా ప్రాంతపు ఇతోయిగావా కొండచరియలు వాటి పుట్టిళ్లు. మంచు బరువుకు కొమ్మలు విరిగి, గాలికి బెరడు చీలి, మెలితిరిగిన చెట్లవి. వాటికోసం తాళ్లతో చరియల మీదికి దిగినవాళ్లలో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కొండ చెక్కిన చెట్టుకు వంక పెట్టేదేముంది? దాన్ని చెడకుండా నిలపడమే అప్పట్లో కళాకారుడి పని.

1923 భూకంపం తర్వాత టోక్యో వదిలిన తోటమాలులు 1925లో ఒమియాలో బోన్సాయ్ గ్రామం కట్టుకున్నారు. 1940లో పుట్టిన మసాహికో కిమురా పని నేర్చింది అక్కడే, మోతోసుకే హమానో దగ్గర. ఉలితో సాగే చెక్కుడులోకి ఆయన కరెంటు పనిముట్లు తెచ్చి, లావు మానులను తొలిచి, కొత్త రూపాలిచ్చాడు. ఇది బోన్సాయా, శిల్పమా అని సంప్రదాయవాదులు ముఖం చిట్లించారు. పనిముట్టు ఏదైనా దాని గీత కనిపించకూడదన్నదే అసలు షరతు.

అందుకే జిన్ చేసేటప్పుడు కత్తి పని తక్కువ. కొమ్మ మొదట్లో బెరడు చుట్టూ కోసి, పట్టుకారుతో నలిపి ఒలుస్తారు. కొనను చీల్చి, నారను పట్టి కిందికి లాగుతారు. కోస్తే చదునుగా తెగుతుంది, లాగితే నార వాటాన చీలి గాలికి విరిగినట్టే ఉంటుంది. షారిని ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వెడల్పు చేస్తారు. తొందరపడి ప్రాణపాయను తెంపితే పైకొమ్మ ఎండుతుంది. ఆ తర్వాత సున్నం, గంధకం కలిపి కాచిన ద్రావణం పూస్తారు. పూసినప్పుడు పసుపుపచ్చగా ఉండి, కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. ఎండలో ఆరాక తెల్లబడి, కట్టెను బూజు పట్టకుండా కాస్తుంది. పక్కనున్న ప్రాణపాయను శుభ్రం చేస్తే ఎర్రమట్టి రంగు తేలుతుంది.

అమెరికాలో ఈ కళకు పెద్దదిక్కుగా నిలిచినవాడు జాన్ నాకా. 11 జూనిపర్లతో ఆయన కూర్చిన ‘గోషిన్’ వనంలో మానుల కొనలు జిన్‌లే. 1984లో ఆయన దానిని దానం చేశాడు, ఇప్పుడు అది వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షోద్యానంలో ఉంది.

ఎండిన పాత మానుకు గాడి తీసి, అందులో లేత జూనిపర్‌ను బిగించి, ముసలి చెట్టులా చూపించే పద్ధతి ఒకటుంది. దాని పేరు ‘తనుకి’. సంప్రదాయవాదులు దాన్ని బోన్సాయ్‌గా లెక్కించరు. కొండ షింపాకు ఇప్పుడు దొరకడం అరుదు. నర్సరీల్లో కొమ్మ నాటి పెంచిన మొక్కకు లేతగా ఉన్నప్పుడే తీగ చుట్టి మెలితిప్పి, షారికి తొలి గాటు పెడుతున్నారు.